సమస్య బలం ఒక్కటే కాదు

ఏళ్ల తరబడి నడుం నొప్పి ఉన్నవాళ్లు నిలబడినప్పుడు ఎక్కువగా ఊగడానికి కండరాల బలహీనతే కారణమని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. అది నాకు మింగుడుపడలేదు. వెన్నుపూసల పక్కనుండే కండరాలు నడుం ఏ భంగిమలో ఉందో మెదడుకు చెబుతుంటాయి. ఆ కబురు సరిగా అందకపోతే మెదడు చీలమండల మీద, కళ్ల మీద ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే కళ్లు మూసుకున్నప్పుడు, మెత్తటి ఫోమ్ మీద నిలబడినప్పుడు తేడా బాగా బయటపడుతుంది.

1996లో హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో చెయ్యి చటుక్కున ఎత్తమంటే, నొప్పి ఉన్నవాళ్లలో పొట్ట లోపలి కండరం ఆలస్యంగా పనిచేసింది. ఇది టైమింగ్ గొడవ! పైగా కొందరు భయంతో నడుం బిగబట్టి మామూలు వాళ్లకంటే తక్కువ ఊగుతారు. దాన్ని మంచి బ్యాలెన్స్ అనుకోకూడదు. ఆ వ్యాసంలో ప్లాంకులతో (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలిపి ఉంచే కసరత్తు) పాటు, ఆసరా దగ్గర పెట్టుకుని ఒంటికాలి మీద నిలబడే సాధన గురించి కూడా రాయాల్సింది.