మధ్యలో ఇల్లు: ఒక సమర్థన

వారంలో మూడు రోజులు ఒక ఆఫీసులో, రెండు రోజులు ఇంకో ఆఫీసులో పనిచేయాలని ఆదేశం అందుకున్న మనిషికి లోకం ఇచ్చే సలహా ఒక్కటే: రెంటికీ మధ్యలో ఇల్లు చూసుకో. ఈ సలహాలోని నైతిక ఔన్నత్యాన్ని ఈ మధ్య కొందరు శంకిస్తున్నారు. వారికి నాలుగు మాటలు చెప్పక తప్పదు.

శంకించేవారు ముందుగా కాగితం, పెన్ను తీస్తారు. ఆఫీసుల మధ్య 20 కిలోమీటర్లు అనుకుందాం. మూడు రోజుల ఆఫీసు పక్కనే దిగితే ప్రయాణం రెండు రోజులే; రానూపోనూ వారానికి 80 కిలోమీటర్లు. నడిమధ్యన దిగితే ఐదు రోజులూ ప్రయాణమే, మొత్తం 100. రోజులను నాలుగు, ఒకటిగా పంచితే తేడా మరీ ఘోరం: 40కి 100. రోజులు ఒక పక్కకు ఏమాత్రం మొగ్గినా ఆ పక్కనే ఉండటం లాభమని గణితం తేల్చేస్తుంది. రెండు రోజుల ఆఫీసు మనసు ఎంత నొచ్చుకుంటుందో దానికి పట్టదు. మధ్యలో ఉన్నవాడు అలాంటి పక్షపాతి కాడు. రెండు ఆఫీసులకూ సమానంగా ఆలస్యంగా వెళతాడు.

పైగా ఆ నడిమధ్య చోటు మ్యాపులో కనిపించినంత సులువుగా బస్సు దారిలో దొరకదు. బస్సులూ రైళ్లూ చాలావరకు నగరం నడిబొడ్డు నుంచి శివార్లకు పోతాయి. శివారు నుంచి శివారుకు పోవాలంటే దారిలో దిగి ఇంకోటి ఎక్కాలి. రవాణా ప్రణాళికలు వేసేవారు స్టాపులో నిలబడ్డ నిమిషాన్ని బండిలో గడిపిన నిమిషానికి దాదాపు రెట్టింపుగా లెక్కగడతారు. ఆ లెక్కన మధ్యలో కాపురం పెట్టినవాడు దీర్ఘాయుష్మంతుడు.

అసలు వాదన ఇంకా మిగిలే ఉంది. అద్దె ఒప్పందం నెలల తరబడి కట్టిపడేస్తుంది. రోజుల పంపకం ఒక్క మెయిల్‌తో తారుమారవుతుంది. మూడు రెండై, రెండు మూడైన నాడు, తెలివిగా మూడు రోజుల ఆఫీసు పక్కన దిగినవాడి 80 కాస్తా 120 అవుతుంది. మధ్యలో ఉన్నవాడి 100 మాత్రం 100గానే ఉంటుంది. యాజమాన్యం ఏం చేసినా అతడి పరిస్థితి దిగజారదు, ముందే దిగజారి ఉంది గనుక. వారానికి 20 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కొనుక్కునే బీమా అది. పంపకం నియామక పత్రంలో రాసి ఉంటే ఈ బీమా శుద్ధ దండగ. పై అధికారి నోటిమాట మీద నడుస్తుంటే మాత్రం నేనైతే కడతాను.

మూడో ఆఫీసు తెరుస్తారేమోనని భయపడేవారికి కూడా శాస్త్రం అండగా ఉంది. మూడు బిందువులకూ ఉన్న దూరాల మొత్తం అతి తక్కువయ్యే చోటు ఏదో చెప్పమని 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా సవాలు విసిరితే, ఇటలీ శాస్త్రవేత్త టొరిచెల్లి కనిపెట్టి చూపించాడు. ఆ చోట ఇల్లు ఖాళీగా ఉందా అన్న విచారణను మాత్రం ఇద్దరూ మనకే వదిలేశారు.