మడ అడవి సరుగుడు తోట కాదండీ

మా తాళ్లరేవు వైపు వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. కోరంగి మడ అడవిలో, అంటే సముద్రపు పోటు నీళ్లలో పెరిగే అడవిలో, ముదురు చెట్లు ఊరికే కుళ్లిపోతున్నాయట. సరుగుడు తోటలా కూపులు (నరికే ముక్కలు) వేసి వేలంపాట పెట్టేస్తే ప్రభుత్వానికి రాబడి, ఊళ్లకి కూలి, నాలుగేళ్లలో అడవి మళ్లీ మామూలేనట.

సరుగుడు అన్నారు కాబట్టి అక్కణ్ణుంచే వద్దాం. కాట్రేనికోన దగ్గర ఇసుక నేలలో మా బాబాయి వేసిన తోట నాలుగో ఏట కొట్టారు. అది దానంతటదే లేవలేదు. మొద్దులు పీకించి, దున్నించి, నర్సరీ నుంచి నారు తెచ్చి మళ్లీ నాటించాడు. అది పంట.

మడకి నారు ఎవరు తెస్తారు? ఉప్పుపొన్న అనే మడ చెట్టు కాయ చెట్టు మీదుండగానే మొలకెత్తి, చిన్న మునక్కాడలా కిందికి వేలాడుతుంది. రాలి బురదలో గుచ్చుకుంటే అక్కడే మొక్క, లేదంటే పోటు ఎక్కడికి తోస్తే అక్కడ. ఫార్వర్డ్‌లో కొట్టేయమంటున్న ముదురు చెట్టే ఆ కాయలిచ్చేది. తెల్లమడ అనే ఇంకో రకం మడ చెట్టు మొద్దు చిగురిస్తుంది, ఒప్పుకుంటాను. రాసినాయన చూసింది అదే అయ్యుంటుంది. ఉప్పుపొన్న అలా కాదు. ఆకుల్లేని ముదురు కొమ్మ దగ్గర నరికితే ఇక చిగురు వేయదు.

అసలు తంటా నేలతో. నీడ పోయాక ఎండకి బురదలో నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. నేల కుంగిన చోట పోటుకొచ్చిన నీరు వెనక్కి పోక నిలిచిపోయి, ఉప్పు ఇంకా ముదురుతుంది. అందులో మొక్క బతకదు. ఇలా బోడైన జాగాల్లో అడవిని మళ్లీ లేపడానికే కోరంగిలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీళ్లు లోపలికి పారించి మొక్కలు నాటారు. ఆ ఖర్చు రాబడి లెక్కలో ఎక్కడుంది?

‘ఊరికే కుళ్లడం’ అన్నది కూడా తప్పే. రాలి కుళ్లిన ఆకే పీతలకీ రొయ్యపిల్లలకీ తిండికి ఆధారం. కూపు కూలి కొట్టినన్నాళ్లే. మండపీతల మీద బతికేవాళ్లని ఒక్కసారి అడిగి చూడండి.

ఇక చట్టం. కోరంగి 1978 నుంచి అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం వన్యప్రాణుల మేలుకి తప్ప అక్కడ చెట్టు కొట్టడానికి అనుమతి ఇవ్వకూడదు. అలా తీసిన కర్ర కూడా చుట్టుపక్కల జనం సొంత అవసరాలకే, అమ్మకానికి కాదు. కాబట్టి పాట మాటే లేదు. పరిశ్రమలు తమకి కావలసిన కలపని వీలైనంతవరకు రైతులతో పెంచించుకోవాలని 1988 జాతీయ అటవీ విధానమే చెప్పింది. కర్ర కావాలంటే మా బాబాయి తోట ఇంకో రెండేళ్లలో కోతకొస్తుంది, వెళ్లి బేరమాడుకోండి.