జిమ్నీకి లిఫ్ట్ ఎంత అని కాదు, బరువెంత అని అడగండి

“ఫైవ్ డోర్ జిమ్నీకి రెండంగుళాలు వేయించాలా, మూడంగుళాలా?” మారుతి ఫోర్‌వీల్ డ్రైవ్ బండి జిమ్నీకి లిఫ్ట్, అంటే స్ప్రింగులు మార్చి బండిని ఎత్తు లేపించడం గురించి, రోజూ ఎవరో ఒకరు ఇలా అడుగుతూనే ఉంటారు. బండి ఎంత బరువు మోస్తుందో, ఏ టైరు మీద నడుస్తుందో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఆ రెండూ తేలకుండా షాపుకు వెళ్తే, స్టాకులో ఏముంటే అది బిగించి పంపిస్తారు.

లిఫ్ట్‌తో గ్రౌండ్ క్లియరెన్స్ పెరుగుతుందనేది సగం నిజం. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లే, అంటే రెండు పక్కల చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. రాయికి ముందుగా తగిలేది డిఫరెన్షియల్, ఆ ఇరుసు మీద ఉబ్బుగా కనిపించే గేర్ల పెట్టె. అది యాక్సిల్‌తో పాటే కింద ఉంటుంది కాబట్టి, స్ప్రింగులు నాలుగంగుళాలు పెంచినా ఉన్న చోటు నుంచి కదలదు. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. కంపెనీ టైరు 195/80 ఆర్15 వ్యాసం 693 మి.మీ. 215/75 వేస్తే దాదాపు 703, అంటే డిఫరెన్షియల్ లేచేది 5 మి.మీ. 235/75 వేస్తే 733, లేచేది 20 మి.మీ. కాకపోతే స్పీడోమీటర్ 80 చూపిస్తున్నప్పుడు అసలు వేగం 85 దగ్గర ఉంటుంది, 105 పీఎస్ ఇంజిన్‌కి అదనపు బరువూ తోడవుతుంది. రోజూ ఆఫీసుకెళ్లే బండికి 215 చాలు, దానికి లిఫ్ట్ అక్కర్లేదు కూడా. వానాకాలం నల్లరేగడిలో బండి దిగబడేది ఎత్తు చాలక కాదు, ట్రెడ్ మట్టితో పూడుకుపోయి.

మరి లిఫ్ట్ దేనికి? పొట్ట తగలకుండా ఉండటానికి. ఫైవ్ డోర్ వీల్‌బేస్ 2,590 మి.మీ., బ్రేకోవర్ కోణం (పొట్ట తగలకుండా దాటగలిగే గట్టు వాలు) 24 డిగ్రీలే. గట్టు ఎక్కి దిగేటప్పుడు ముందు గీసుకునేది నడుమే. 40 మి.మీ. లేపితే అక్కడ మూడు, మూడున్నర డిగ్రీలు కలిసొస్తాయి. రోజువారీ బండికి నా లెక్కలో హద్దు అదే.

చవగ్గా వస్తుందని కాయిల్ స్ప్రింగ్ కింద స్పేసర్ (ఎత్తు కోసం పెట్టే దిమ్మ) పెట్టించేవాళ్లకు ఒక మాట. స్ప్రింగ్ పైకి లేస్తుంది గానీ షాకప్ పొడుగు పెరగదు. అంటే చక్రం కిందికి దిగాల్సిన దూరం ఆ మేరకు తగ్గిపోతుంది. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ షాకప్ చివరిదాకా సాగి ‘టక్’మంటుంది, కొన్నాళ్లకు ఆయిల్ కారుతుంది. స్ప్రింగులతో పాటు వాటికి సరిపడే పొడుగు షాకప్‌లూ ఒకే కిట్‌గా కొనండి.

ఇక బరువు. ఆటోమేటిక్ టాప్ మోడల్ సొంత బరువు 1,210 కిలోలు, గరిష్ఠ అనుమతి 1,545. మిగిలింది 335. తలా 70 కిలోల చొప్పున నలుగురు ఎక్కితే 280 పోయింది. దీని మీద స్టీల్ బంపరూ వించీ (దిగబడ్డ బండిని లాగే మోటారు) కలిపి 60 కిలోలు బిగిస్తే లెక్క అక్కడే దాటిపోయింది. లిఫ్ట్ వేసినంత మాత్రాన ఈ పరిమితి ఒక్క కిలో కూడా పెరగదు. ఓల్డ్ మాన్ ఈము, ఐరన్‌మాన్ లాంటి కంపెనీలు స్ప్రింగులను ఎత్తును బట్టే కాదు, బరువును బట్టి కూడా అమ్ముతాయి. బంపర్ లేని బండికి హెవీ స్ప్రింగు వేస్తే ఎడ్లబండిలా ఎగిరిపడుతుంది, చెప్పిన 40 కాస్తా 60 అవుతుంది. అందుకే బిగించే ముందూ తర్వాతా, ట్యాంకు నిండా పెట్రోలుతో, హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోండి.

అసలు గొడవ బిగించడంలో ఉంది. ముందు యాక్సిల్‌ని పట్టుకునేవి రేడియస్ ఆర్మ్‌లు. బండి లేచేకొద్దీ యాక్సిల్ ముందుకు తిరిగి క్యాస్టర్ (చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, ఓఆర్ఆర్ మీద వేగంలో బండి అటూ ఇటూ తచ్చాడుతుంది. దీన్ని అలైన్‌మెంట్ మెషీన్ చూపిస్తుంది గానీ సరిచేయలేదు, ఎందుకంటే జిమ్నీలో క్యాస్టర్‌కి అడ్జస్ట్‌మెంటే లేదు. క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు వేయాల్సిందే. “నడుస్తుంది సార్” అన్నారంటే ఆ షాపు నుంచి లేచి వచ్చేయండి.

ఆర్మ్‌లవీ, యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్‌లవీ బోల్టులు బండి జాకీ మీద ఉండగా చివరి టైటు చేయకూడదు. నాలుగు చక్రాలూ నేల మీద ఆనాక, బండిని రెండుసార్లు నొక్కి వదిలి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. గాల్లో బిగిస్తే వాటి బుష్‌ల రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. లిఫ్ట్‌తో పాన్‌హార్డ్ రాడ్ యాక్సిల్‌ని కొన్ని మిల్లీమీటర్లు పక్కకు లాగుతుంది, స్టీరింగ్ వంకరవుతుంది. స్టీరింగ్‌ని చక్రాలకు కలిపే డ్రాగ్ లింక్‌తో స్టీరింగ్‌ని నడిమికి తేకుండా వదిలేస్తే, బండి జారకుండా చూసే ఈఎస్‌పీ, బండి తిరుగుతోందనుకుని అనవసరంగా జోక్యం చేసుకోవచ్చు.

డెలివరీకి ముందు ఛాసిస్ ఎత్తించి, చక్రాలు వేలాడుతుండగా స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించండి. బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు, డిఫరెన్షియల్ బ్రీదర్ పైపు, ఏదీ బిగుసుకోకూడదు. 50 మి.మీ. దాటితే ఇంజిన్ శక్తిని యాక్సిళ్లకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి వణుకు మొదలవ్వచ్చు. ఒక్క అంగుళం మోజుకు షాఫ్టులు కూడా మార్చుకునే ఓపిక ఉందా?

చట్టం సంగతి షాపువాళ్లెవరూ ఎత్తరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ కూడా స్ప్రింగులు, టైర్ల సంగతి అడగొచ్చు. ఇది తెలిసి వేయించుకోండి.

వేయించుకున్నాక 500 కి.మీ.కి అన్ని బోల్టుల టార్క్ మళ్లీ చూపించండి. హెడ్‌లైట్లు కిందికి దించించండి, ఎదురొచ్చేవాడి కళ్లు పోతున్నాయి.