సవరణ: రెండు ఐపీ అడ్రస్‌ల మధ్య జాబితా

రెండు ఐపీ అడ్రస్‌ల మధ్య ఉన్నవన్నీ రాబట్టడానికి చివరి భాగాన్ని ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పొమ్మని ముందు పోస్టులో రాశాను. మొదటి మూడు భాగాలూ ఒకటే అయితేనే అది చెల్లుతుంది. 192.168.1.250 నుంచి 192.168.2.5 దాకా కావాలంటే, ఏ భాగమూ 255 దాటదు కాబట్టి అక్కడే ఆగిపోతుంది.

అందుకే అడ్రస్‌ను 32 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చండి. ఇక్కడ మొదటిది 3232236026, చివరిది 3232236037. లూప్ వీటి మధ్య నడిపి, ప్రతి సంఖ్యనూ మళ్లీ అడ్రస్‌గా మారిస్తే 12 అడ్రస్‌లు రావాలి. పైథాన్‌లో లూప్‌కు సంఖ్యలిచ్చే రేంజ్ (range) చివరి సంఖ్యను తీసుకోదు కాబట్టి దానికి 1 కలపండి. కలపకపోతే 11 మాత్రమే వస్తాయి, ఎర్రర్ కూడా కనిపించదు. అసలు టెన్షన్ అక్కడే. జావాస్క్రిప్ట్‌లో అడ్రస్‌ను సంఖ్యగా మార్చేటప్పుడు మొదటి భాగమైన 192ని 24 బిట్లు ఎడమకు జరిపితే రుణసంఖ్య వస్తుంది, దాని బదులు 256తో గుణించి తర్వాతి భాగాన్ని కలుపుకుంటూ పోవడం మేలు.

ఐపీవీ6కి (128 బిట్ల అడ్రస్‌లు, మధ్యలో లెక్కలేనన్ని ఉండొచ్చు) మాత్రం జాబితా కట్టొద్దు, అడిగినప్పుడే ఒక్కొక్కటి ఇచ్చే జనరేటర్ వాడండి.