‘సూపర్ అన్నా’ అనుడు బందు పెట్టుండ్రి

పోయిన ఆదివారం పొద్దుగాల ఐదున్నరకే ఖిలా వరంగల్ పోయిన. రాతి తోరణం నడుమల నుంచి సూర్యుడు లేస్తుంటే తీద్దామని నెల రోజుల నుంచి అనుకుంటున్న. మబ్బు లేదు, జనం లేరు, ఒక కుక్క మాత్రం నా బ్యాగు వాసన చూసుకుంట తిరుగుతున్నది. నలభై దాకా తీసి, అండ్ల మంచిదనుకున్నది ఒకటి ఫోన్‌లకు ఎక్కించి మా ఫొటో దోస్తులకు పంపిన. పది నిమిషాలల్ల పదిహేడు జవాబులు. "సూపర్ అన్నా." "కిరాక్." "నెక్స్ట్ లెవల్ సార్." ఒకాయన ఏం రాయకుండ తొమ్మిది మంటల బొమ్మలు పెట్టిండు.

రాత్రి అన్నం తిని కంప్యూటర్‌ల పెద్దగ చేసి చూస్తే తోరణం ఎనుకకు ఒరిగి పడిపోతున్నట్టున్నది. రెండు కంభాలు పైకి పోయినకొద్ది లోపలికి వంగినయి. దగ్గర నిలబడి, లెన్స్ 18 ఎమ్ఎమ్ మీద, అంటే మస్తు వెడల్పుగ, పెట్టి, కెమెరా మొకం పైకి ఎత్తితే అట్లనే అయితది. ఓ ముప్పై అడుగులు ఎనుకకు జరిగి, కెమెరా నిటారుగ పట్టి, కింద ఎక్కువొచ్చిన నేలను తర్వాత కోసేస్తే కంభాలు కంభాల లెక్క నిలబడేటియి. ఇంత చిన్న ముచ్చట.

నా కోపం ఏందంటే, ఆ పదిహేడు మందిల నలుగురైదుగురికి ఈ సంగతి నాకంటే మంచిగ తెలుసు. నేను పంపినప్పుడు ఏడు గంటలయింది. ఇంకా కోటలనే ఉన్న, ఛాయ్ తాగుకుంట. "అన్నా, తోరణం ఒరిగింది, జర ఎనుకకు పోయి మళ్ల తియ్యి" అని ఒక్కడు అన్నా ఎండ ముదరకముందే మళ్ల తీసేటోన్ని. ఆ పొద్దు పోయింది.

నేను బడిల లెక్కలు చెప్పేటోన్ని. పిల్లగాడు ఏడు ఎనిమిదుల నలభై ఎనిమిది అని రాస్తే "సూపర్ బిడ్డా" అని పంపిస్తే వాళ్ల నాయిన రేపు బడికొచ్చి నా కాలర్ పట్టుకుంటడు. ఫొటో కాడికి వచ్చేసరికి మాత్రం మనందరికీ యాడ లేని మర్యాద పుడతది. అసలు సంగతి మర్యాద కూడ కాదు. పెండ్లిల చదివింపుల లెక్క. నువ్వు నా ఇంట్ల ఐదు వందల పదహార్లు రాయించినవ్, నేను నీ ఇంట్ల ఐదు వందల పదహార్లు రాయిస్త. నా ఫొటోకు నువ్వు సూపర్, నీ ఫొటోకు నేను సూపర్. బుక్కుల లెక్క సరిపోయింది, ఫొటో మాత్రం ఎక్కడిదక్కడనే ఉన్నది.

దీనికి రెండో దిక్కు ఇంకో జాతి ఉన్నది. వాళ్లకు ఏది చూపించినా మూడే మాటలు. హారిజాన్ వంగింది. నాయిస్ (ఇసుక సల్లినట్టు మచ్చలు) ఉన్నది. సబ్జెక్టును నడుమల పెట్టినవ్. ఒక దోస్తు వేయిస్తంభాల గుడిల నందిని ఎదురుంగ నిలబడి తీసిండు. 1163ల రుద్రదేవుడు కట్టించిన గుడి, కట్టినోళ్లు అటొక కంభం ఇటొక కంభం తూకం వేసినట్టు నిలబెట్టిండ్రు. ఆ తూకం చూపించాలంటే నడుమల నిలబడక యాడ నిలబడాలె? "రూల్ ఆఫ్ థర్డ్స్ తప్పింది" అని మా పెద్దమనిషి తేల్చేసిండు, అంటే ఫ్రేమును అడ్డం నిలువు మూడేసి భాగాలు చేసి ఆ గీతల కాడ సబ్జెక్టు పెట్టాలనే రూలు. ఫోన్ తెర మీద గీతలు కనవడ్డయి గదా అని గుళ్లు కూడ పక్కకు జరగాల్నా?

ఆ ఫొటోల అసలు చెప్పాల్సిన తప్పు వేరే ఉన్నది, దాన్ని ఎవ్వరు పట్టలే. నంది నల్లరాయి. నున్నగ చెక్కిన నలుపు, చెయ్యి పెడితే జారేటట్టు ఉంటది. ఫొటోల అది సిమెంటు రంగుల వచ్చింది. కెమెరాకు నలుపు తెల్వదు, తెలుపు తెల్వదు; ఎదురుంగ ఏదున్నా దాన్ని నడిమధ్య బూడిద రంగు అనుకొని వెలుతురు లెక్కగడతది. ఫ్రేమంతా నల్లరాయి ఉంటే చీకటి అయిందనుకొని వెలుతురు ఎక్కువ తీసుకుంటది, నంది బూడిద పూసుకున్నట్టు అయితది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా కట్టిన వెలుతురు లెక్కను మనం మార్చేది) ఒక స్టాప్ మైనస్‌కు, అంటే వెలుతురు సగానికి, తిప్పితే నలుపు నలుపుగ వస్తది. ఈ ముక్క చెప్తే ఆ దోస్తు జీవితమంతా యాదికి పెట్టుకుంటడు. నడుమల పెట్టినవ్ అంటే ఏం నేర్చుకుంటడు?

రామప్పది ఇంకో బాధ. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక పాలంపేటకు కెమెరాలు మస్తు పెరిగినయి, సంతోషమే. కని ఆ ఎర్ర ఇసుకరాయిని ఎడిటింగ్‌ల ఎంత లాగుతున్నరంటే గుడి టమాట తొక్కుల ముంచి తీసినట్టున్నది. గోడ ఒక రంగు, మదనికల (గుడి మీది ఆడ బొమ్మల) నల్లరాయి ఒక రంగు, ఆ రెండిటి నడుమ తేడాలనే ఉన్నది దాని అందమంతా. శాచురేషన్ (రంగుల గాఢత) గుంజితే ఆ తేడానే ముందు పోతది. ఇది చెప్తే "నా స్టైల్ అన్నా" అంటరు. ఉండనీ.

(ఇంకో మాట, వాట్సాప్‌ల వచ్చిన ఫొటోను గుంజి గుంజి పెద్దగ చేసి "షార్ప్ లేదు" అనేటోళ్లకు దండం. అది పంపంగనే సగం నలిగిపోతది. డాక్యుమెంట్ లెక్క పంపమనుండ్రి, అప్పుడు మాట్లాడుండ్రి.)

నేను ఫొటో చూసుడు నేర్చుకున్నది హన్మకొండ లష్కర్ బజార్ దిక్కు ఒక పాత స్టూడియోల. ఆయనను అందరం కాకా అంటం. నెగటివ్ మీద పెన్సిల్‌తోని మొకాలు సాఫు చేసిన తరం. రీల్‌ల ముప్పై ఆరు ఫొటోలు, ఒక్కొక్కదానికి పైసలు పెట్టాల్నాయె, అందుకే ఒక్కొక్కదాన్ని కూలగొట్టి చూసేటోడు. కాకా కాడ రెండు నల్ల అట్టముక్కలు ఉండేటియి, ఇంగ్లిష్ ఎల్ అక్షరం లెక్క కోసినయి. ఫొటో బల్ల మీద పెట్టి, ఆ రెండు ముక్కలను దాని మీద అటు జరిపి ఇటు జరిపి, ఒక కాడ ఆపి, మన మొకం చూసేటోడు. ఒక్క మాట ఉండకపోయేది. నీ ఫొటోల ఎక్కువైంది ఏందో నీ కండ్లకే కనవడేది.

ఒకసారి లక్నవరం చెరువు ఫొటో చూపించుకుంట నేను కథ మొదలువెట్టిన. రాత్రి మూడింటికి లేచిన కాకా, తొవ్వల బండి పంచరైంది, వేలాడే వంతెన మీద జనం కదులుతుంటే చేతులు ఆగలేదు. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకొని, "బిడ్డా, ఈ ఫొటో గోడకు పెడితే పక్కపొంటి నువ్వు కూడ నిలబడి ఇదంత చెప్తవా?" అన్నడు. నోరు మూతపడ్డది. అప్పటిసంది ఎవరన్న నా ఫొటో చూస్తుంటే నేను నీళ్లు తాగుడో, ఫోన్ చూసుడో చేస్త, ఎందుకంటే నోరు ఊకుండదు. చెప్పేటోని మాట సగంల ఆపి మన కష్టం చెప్పుకుంటే, వాడు తర్వాత ఎప్పుడు నిజం చెప్పడు. పాపం అని సూపర్ అంటడు.

ఇంకోటి, ఫొటో గురించి చెప్పాలంటే ఫొటోగ్రాఫరే కావాలని ఏం లేదు. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడ బతుకమ్మలను తీసుకొచ్చి ఇంట్ల మా చెల్లెకు చూపించిన. దానికి ఐఎస్ఓ తెల్వదు, హిస్టోగ్రాం (ఫొటోల వెలుతురు ఎంతుందో చూపించే గ్రాఫు) తెల్వదు. "తంగేడు పువ్వుకు పువ్వు కనవడుతలేదన్నా, పసుపు ముద్ద అతికించినట్టున్నది" అన్నది. ఆ తర్వాత ఇంకో మాట అన్నది. "పైన గౌరమ్మను కోసేసినవ్ ఏంది?" నిజమే. ఆడోళ్ల మొకాలు ఫ్రేమ్‌ల రావాలని కిందికి దించుకుంట దించుకుంట, బతుకమ్మ మీద పెట్టిన పసుపు గౌరమ్మను అంచు కాడ కోసేసిన. ఆ ఫ్లడ్ లైట్ల కింద పసుపు రంగు పగిలిపోయిందని కంప్యూటర్ చూస్తే తెలిసింది, ఎరుపు గ్రాఫు కుడి గోడకు గుద్దుకొని ఉన్నది. కని గౌరమ్మ సంగతి ఏ గ్రాఫు చెప్పదు. బతుకమ్మ పేర్చిన చేతులే చెప్పాలె. వరంగల్‌ల పుట్టిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ గారు బతుకమ్మను ఏండ్ల తరబడి తీసిండ్రు, 2022ల పోయిండ్రు. ఆయన ఫొటోలు చూసినప్పుడల్ల నాకు అనిపించేది అదే, ఆ పండుగను లోపటి నుంచి తెలిసిన కన్ను అని.

ఇప్పుడు కొట్లాట ముచ్చట. 2024 ఫిబ్రవరిల మేడారం జాతరకు నలుగురం పోయినం. మా నలుగురిల ఒకడు, బావా అని పిలుచుకునేంత దగ్గరోడు, జంపన్న వాగుల స్నానం చేసి లేస్తున్న ఒక ఆడమనిషిని లాంగ్ లెన్స్‌తోని తీసిండు. ఫొటోల తప్పు లేదు. ఎనుక నుంచి ఎండ, నీళ్ల చుక్కలు గాలిలనే ఆగినయి, కండ్లు మూసుకొని దండం పెడుతున్నది, తడిసిన బట్టలు. అందరు ఎగబడ్డరు. ఎక్స్‌ప్రెషన్ అదిరింది, అవార్డు ఫొటో అన్నరు. నేను అన్న, "బావా, లైటింగ్ మంచిగున్నది, షట్టర్ మంచిగున్నది. ఆమెను అడిగినవా?" వాడు గరమైండు. "నీ నీతులు నీ కాడ పెట్టుకో, ఫొటో గురించి మాట్లాడు."

నేను మాట్లాడింది ఫొటో గురించే. ఆమె అమ్మవార్ల కోసం వాగుల మునిగింది, మన పోటీల కోసం మునగలే. నూరు అడుగుల దూరం నుంచి, ఆమెకు తెల్వకుండ, అట్లాంటి బట్టల మీద తీసినవని ఫొటోనే చెప్తున్నది. ఆ దూరం దాంట్ల కనవడుతున్నది. అదే వాగుల, అదే నీళ్లల్ల, చిన్న పిల్లగాన్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రి కెమెరా దిక్కు చూసి నవ్వుతున్నది కూడ వాడే తీసిండు, దాన్ని ఎవ్వరు పట్టించుకోలే. నాకైతే అదే జాతర. రెండు నెలలు మాట్లాడలే వాడు. ఇప్పుడు మాట్లాడుతున్నడు, ఆ ఫొటో సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం. నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకుంటలేను. పది మంది ముంగట కాకుండ పక్కకు పిలిచి చెప్పాల్సి ఉండెనేమో, అది ఒప్పుకుంట.

పోటీలల్ల నేర్చుకోమంటరు కొందరు. రెండుసార్లు పంపిన. ఎన్ని మార్కులో వచ్చినయి, ఎందుకో రాలే. బోర్డు పరీక్ష పేపర్ వాపస్ రానట్టే.

ఇంతసేపు అందరిని తిట్టిన గదా, ఇప్పుడు నా వంతు.

కోరుట్ల దిక్కు పిల్లగాడు, ఇక్కడ హాస్టల్‌ల ఉండి ఇంటర్ చదువుతుండె. ఫోన్‌తోనే తీస్తడు. ఒకనాడు వాళ్ల నానమ్మ ఫొటో తెచ్చిండు. అర్ర దర్వాజ కాడ కూసొని బీడీలు చుడుతున్నది ముసలామె. వాడు ఎట్లున్నదని అడగంగనే నేను మొదలువెట్టిన. కిటికీ కాడ వెలుతురు పగిలింది. ఆమె సరిగ్గ నడుమల ఉన్నది. ఎనుక క్యాలెండర్, తాడు మీద బట్టలు, పక్కన చాట, అంతా గలీజుగున్నది, బ్యాక్‌గ్రౌండ్ సాఫుగుండాలె, మొకం దాకా క్రాప్ చెయ్యి. గడగడ చెప్పిన, పరీక్ష పేపర్ దిద్దినట్టు. "సరే సార్" అన్నడు. మళ్ల నాకు ఏ ఫొటో చూపించలే. నేను కూడ మర్చిపోయిన.

ఐదారు నెలలకు కాకా కాడికి పోతే అదే ఫొటో, పెద్దగ ప్రింట్ కొట్టించి, బల్ల మీద ఉన్నది. పిల్లగాడు పక్కన నిలబడ్డడు, నన్ను చూసి నమస్తే పెట్టిండు. కాకా అట్టముక్కలు పట్టుకొని కుడి దిక్కు నుంచి జరిపిండు. చాట మాయమైంది. మళ్ల తెరిచిండు. ఎడమ దిక్కు నుంచి జరిపిండు, క్యాలెండర్ పోయింది. మళ్ల తెరిచిండు. అప్పుడు చూసిన నేను. చాటల తునికాకు, తంబాకు, ఆమె వేలికి చుట్టుకున్న దారం, కట్టిన కట్టల వరుస, క్యాలెండర్ మీద పెన్నుతోని గీసిన గీతలు. ఏ రోజు ఎన్ని చుట్టిందో గోడ మీదనే లెక్క ఉన్నది. లెక్కల పంతులును, నాకే కనవడలే. కాకా రెండు ముక్కలు తీసి పక్కన పెట్టి, "దీంట్ల కోసేది ఏం లేదు" అన్నడు. కిటికీ వెలుతురు పగిలిన మాట నిజమే, అది కూడ చెప్పిండు, ప్రింట్‌ల ఎట్ల తగ్గించాల్నో చూపించిండు. నేను చెప్పిన నాలుగింట్ల ఒకటి కరెక్టు.

బయటికొచ్చినంక పిల్లగాన్ని ఆపి, "తమ్మీ, నేను ఆ రోజు ఫొటో చూడకుండనే చెప్పిన" అన్న. ఏమనాల్నో వానికి తెల్వలే. "పర్లేదు సార్" అన్నడు, అది ఇంకా గుచ్చుకున్నది.

ఇప్పుడు ఎవరన్న చూపిస్తే ముందు ఒక నిమిషం ఊకుంట. నా కన్ను ఫస్టు ఎక్కడికి పోయిందో అదే చెప్త, ఆ తర్వాత వాళ్లకు ఏం చూపియ్యాలని ఉండెనో అడుగుత. రెండు ఒకటే అయితే ఇగ నేను చెప్పేది తక్కువ. వేరే అయితే అక్కడ కూసొని మాట్లాడుకుంటం. మార్కులు వెయ్యను. తోచకపోతే తోచలేదనే అంట, సూపర్ మాత్రం అనను.

ఆ తోరణం ఫొటో, ఒరిగిందే, నిన్న ఆ పిల్లగానికి పంపిన. ఏమనిపిస్తే అది చెప్పు అని రాసిన. గంటసేపు ఏం రాలే. తర్వాత వచ్చింది.

"సార్, కంభాలు వంగినయి. ఎడమ మూలల రాయి మీద ఆ చెప్పుల జత ఎవరిది సార్?"

మళ్ల తెరిచి చూసిన. ఉన్నయి. రెండు చిన్న చెప్పులు, ఆడపిల్లయి, పక్కపక్కన మంచిగ విడిచి పెట్టినయి. ఆ పొద్దు అక్కడ నేను తప్ప ఎవ్వరు లేరనుకున్న.