ఐస్ టీలో టీ ఏది?

పళ్ళ ఐస్ టీ అని చెప్పి జనం తాగుతున్నది చూస్తే నాకు బాధేస్తుంది. చల్లగా, తియ్యగా, మంచి రంగులో ఉంటే చాలు, గ్లాసులో టీ ఉందో లేదో ఎవరికీ పట్టదు. రెడీమేడ్ పొడి ప్యాకెట్ ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. ఎక్కువ బరువున్నదాన్ని ముందు రాస్తారు కదా, చాలావాటిలో ఆ మొదటి పేరు చక్కెరే. టీ ఎక్కడో కింద, ఇన్‌స్టంట్ పొడి రూపంలో ఉంటుంది. పులుపుకి సిట్రిక్ యాసిడ్, వాసనకి ఫ్లేవర్. పండు చాలాసార్లు బొమ్మలోనే.

అందుకే ఇంట్లో చేసుకోమంటాను. కానీ ఇంట్లో చేసేవాళ్ళతోనూ నాకో పేచీ ఉంది. టీ పొడి, పండు ముక్కలు, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో పడేసి మరిగించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి! తాజా పండు వాసన ఆవిరితో పాటే పోతుంది. స్ట్రాబెర్రీ మరిగితే మిగిలేది జామ్ రుచి. టీ అంతసేపు మరిగితే వగరు, చేదు దిగుతాయి. వాటిని కప్పిపుచ్చడానికి మళ్ళీ చక్కెర. చల్లటి వాటిలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది కాబట్టి చెంచా మీద చెంచా పడుతూనే ఉంటుంది. ఇంత శ్రమా పడి చివరికి ఆ ప్యాకెట్ రుచికే చేరుకుంటాం.

టీని టీగా, పండుని పండుగా విడిగా సిద్ధం చేసి, చివర్లో కలపాలి. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

టీకి నా ఓటు చల్లటి నీళ్ళకే. లీటరు నీళ్ళలో 8 నుంచి 10 గ్రాముల టీ ఆకు వేసి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున్న వడకట్టండి. చల్లటి నీళ్ళలోకి వగరునిచ్చే టానిన్లు తక్కువగా దిగుతాయి, అందుకే వగరు ఉండదు, చక్కెర కూడా తక్కువే పడుతుంది. అంత ఆగలేకపోతే వేడిగానే చేయండి. ఐస్ కరిగి పలచబడుతుంది కాబట్టి ఆకు రెట్టింపు వేయాలి, నానే టైమ్ మాత్రం పెంచకూడదు. బ్లాక్ టీకి 3 నుంచి 5 నిమిషాలు చాలు. గ్రీన్ టీకి మరిగే నీళ్ళు వద్దు, 80 డిగ్రీలకు మించకుండా 2, 3 నిమిషాలు. వేడి టీ చల్లారాక మబ్బుగా మారితే పాడైందని పారబోయకండి. టీలో ఉండే కెఫీన్, పాలీఫినాల్స్ అనే పదార్థాలు చల్లదనానికి ఒకదాన్నొకటి పట్టుకుని అలా కనిపిస్తాయి. కాస్త మరిగే నీళ్ళు కలిపితే తేటపడుతుంది. సీసా ఎండలో పెట్టి టీ చేసే పద్ధతి జోలికి మాత్రం పోకండి. ఆ వేడికి బాక్టీరియా చావదు సరికదా, హాయిగా పెరుగుతుంది.

ఇక పండు. బాగా మగ్గినదాన్ని చిన్న ముక్కలుగా కోసి, చక్కెర చల్లి అరగంట వదిలేయండి. చక్కెరే రసాన్ని బయటికి లాగుతుంది, ఆ రసంలోనే కరుగుతుంది, గ్లాసు అడుగున పలుకులు మిగలవు. గరిటెతో నలిపి వడకట్టుకుంటే మంచి సిరప్ రెడీ. పొయ్యి వెలిగించే పనే లేదు. నారింజ, నిమ్మ అయితే తొక్క కింది తెల్లటి పొర తీసేయాలి, చేదంతా అందులోనే. దానిమ్మకి సొంత వగరు ఉంది, దాన్ని చిక్కటి బ్లాక్ టీతో కలిపితే గొంతు పట్టేస్తుంది, తేలికపాటి గ్రీన్ టీ నయం. మామిడి, పీచ్‌లకు మాత్రం బ్లాక్ టీకి మించిన జోడీ లేదని నా నమ్మకం.

ఐస్ టీ 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పుట్టిందని చెప్పుకుంటారు. అది నిజం కాదు. 1870లలోనే అక్కడ దాని తయారీ విధానం అచ్చులో వచ్చింది. టీ, ఐస్, చక్కెర, నిమ్మకాయ, అంతే. పేరుకి తగ్గట్టు టీయే అసలు సరుకు.

కలిపేటప్పుడు మూడు వంతుల టీకి ఒక వంతు సిరప్‌తో మొదలుపెట్టి, ఐస్ వేశాకే రుచి చూడండి. తీపి తగ్గిందనిపిస్తే చక్కెర డబ్బా తీసే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, చాలాసార్లు కావలసింది ఆ పులుపే. టీ రంగు తేలికపడితే కంగారు పడకండి, అది నిమ్మ పులుపు చేసే పనే. పండు ముక్కలు తాగే ముందే వేసుకోండి. మిగిలిన టీని ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తే, మర్నాడు గ్లాసులో ఆ ముక్కలే వేసుకోవచ్చు, కరిగినా టీ పలచబడదు.