ముదురు పాకం

1971 యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసిందని పుస్తకాల్లో రాస్తారు. తప్పు. బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాటు హాల్లో అది ఇంకా నడుస్తూనే ఉంది. రాత్రి ఎనిమిదింటికి మొదలై, కూరన్నం దగ్గర ఊపందుకుని, పెరుగన్నం వేళకి ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ సంతకం పెడతాడు. 93 వేల మంది లొంగిపోతారు. రాత్రికి రాత్రి వాళ్ళని ఎవరు వదిలిపెడుతున్నారో తెలీదు గానీ, మర్నాడు ఎనిమిదింటికి అందరూ ఠంచనుగా తిరిగొచ్చి మళ్ళీ లొంగిపోతారు. వాళ్ళ ఓపికకి మెచ్చుకోవాలి.

మా మామగారు విశాఖ నుంచి వచ్చి మూడు నెలలైంది. మోకాళ్ళకి వైద్యం కోసమని వచ్చారు. మోకాళ్ళు కుదుటపడ్డాయి గానీ సరిహద్దులే కుదుటపడడం లేదు. ఆయన చూసే వార్తల చానల్లో ఏసీ గదిలో కూర్చున్న యాంకరు మిలిటరీ రంగు చొక్కా తొడుక్కుంటాడు. చుట్టూ ఆరు కిటికీల్లో ఆరుగురు పెద్దమనుషులు ఒకేసారి మాట్లాడతారు. వెనకాల పటం మీద ట్యాంకులు బెల్లం దిక్కుగా చీమల్లా పోతుంటాయి. మధ్యమధ్య సైరన్. ఈ సైరన్లు ఇలా వాడకండి, నిజంగా మోగిన రోజు జనం పట్టించుకోరు అని 2025 మే 10న కేంద్ర పౌర రక్షణ విభాగం చానళ్ళకి చెప్పింది. మా చానల్‌కి ఆ ఉత్తరం ఇంకా చేరినట్టు లేదు. మొన్న చానల్ వేసిన రెండు సైరన్లని కుక్కర్ ఖాతాలో జమ చేసుకుని మా ఆవిడ ఒక్క కూతకే స్టవ్ కట్టేసింది. ఆ రాత్రి కందిపప్పు పలుకులు పలుకులుగా తిన్నాం. యుద్ధకాలంలో అలాంటివి తప్పవని మామగారు ఓదార్చారు.

ఇవన్నీ భరించాను. ఈ వ్యాసం రాయించింది మాత్రం మైసూర్ పాక్.

2025 మేలో జైపూర్‌లో కొన్ని మిఠాయి కొట్లవాళ్ళు మైసూర్ పాక్‌కి మైసూర్ శ్రీ అని పేరు మార్చారు. పోనీ, జైపూర్ దూరం. కానీ మైసూరుకి కూతవేటు దూరంలో ఉన్న మా అపార్ట్‌మెంట్ తెలుగు సంఘం, వినాయక చవితి భోజనాల పట్టీ రాయడానికి కూర్చుని, నాలుగో నంబరు పదార్థం దగ్గర ఆగిపోయింది. బి బ్లాకులో ఉండే రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు లేచి, దేశం ఉన్న పరిస్థితుల్లో విస్తరిలో ఆ పేరు వినపడకూడదన్నారు. రాత్రి చానల్లో చూశారట.

అది పాకిస్తాన్ కాదండీ, పాకం అని ఒకావిడ గుర్తు చేసింది. దాంతో గొడవ ఇంకా ముదిరింది. పాకం మాట తెలుగులో ఇంతగా చొరబడి ఉందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. అరిసెల పాకం సంగతేంటి? తీగపాకాన్ని ఇకమీద తీగశ్రీ అనాలా? ఉండపాకం అనుమానాస్పదమా? తెలుగు ఎమ్మే చదివిన ఒకాయన ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని వరసగా వల్లించేసరికి, ఇన్ని శతాబ్దాలుగా మన కవులు ఇంత నిర్లక్ష్యంగా ఉన్నారా అని సభ నివ్వెరపోయింది. నలభీమపాకం పురాణాల్లోది కాబట్టి వదిలేద్దామన్నారు. తొమ్మిది నెలల మా మేనల్లుడు ఈ మధ్యే పాకడం మొదలుపెట్టాడు, వాడి మీద ఏం చర్య తీసుకోవాలని నేనడిగాను. సీరియస్ విషయాల్లో ఎకసెక్కాలొద్దన్నారు. ఓటింగ్ జరిగింది. పదకొండు, ఏడు. పట్టీలో "మైసూర్ స్వీట్" అని రాశారు. అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి విన్న వంట మాస్టారు గొంతు సవరించుకుని అడిగాడు: "మరి సార్, పాకం పట్టమంటారా, వద్దంటారా?"

నవ్వుకోండి. మేమూ నవ్వుకున్నాం. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత ఇదే ఊళ్ళో ఇందిరానగర్‌లో కరాచీ బేకరీ ముందు గుంపు చేరినప్పుడు లోపల పనిచేసేవాళ్ళకి మాత్రం నవ్వు వచ్చి ఉండదు. బోర్డు మీద కరాచీ అన్న మాటకి గుడ్డ కప్పాల్సి వచ్చింది. ఆ బేకరీ 1953లో హైదరాబాదులో పెట్టింది ఖాన్‌చంద్ రామ్నాని అనే సింధీ. దేశ విభజనలో ఊరు పోగొట్టుకుని వచ్చిన మనిషి, పోయిన ఊరి పేరు పెట్టుకున్నాడు. ఊరెలాగూ పోయింది, పేరు కూడా ఇచ్చెయ్యమన్నారు. కరాచీ మీద మన చానళ్ళ ప్రేమ అంతటిది. 1971 డిసెంబర్ 4 రాత్రి మన నౌకాదళం నిజంగానే ఆ రేవు మీద క్షిపణులు వేసింది. ఆ రోజునే నేవీ డే జరుపుకుంటున్నాం. 2025 మే 8 రాత్రి ఎవరూ వెయ్యకుండానే కొన్ని చానళ్ళు ఆ రేవుని నేలమట్టం చేసేశాయి. తెల్లారి చూస్తే రేవు ఉన్నచోటే ఉంది. క్షమాపణ కోసం మామగారి పక్కన కూర్చుని నేనూ చాలాసేపు చూశాను. ప్రకటనలొచ్చాయి.

ఇక్కడ ఒక మాట. ఈ చానళ్ళు పాత పగలు చల్లారనివ్వడం లేదని అంటుంటారు కదా, నేనొప్పుకోను. ఇది పాత పగ కాదు. 1971లో మామగారికి పన్నెండేళ్ళు. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునిగింది వాళ్ళ ఊరి సముద్రంలోనే. పెళ్ళైన కొత్తలో ఆయన నాకు చెప్పిన 1971లో బ్లాకౌట్ రాత్రులుండేవి, లారీ లైట్లకి సగం పూసిన నల్లరంగు ఉండేది, గాజీ ముక్కలు దొరికాయని రేవు నుంచి జాలరులు తెచ్చిన కబుర్లుండేవి. భయం ఉండేది. అందులో పగ నాకెక్కడా వినపడలేదు. ఇప్పుడడిగితే లోంగేవాలా ఎడారిలో ట్యాంకుల గురించి చెబుతున్నారు. ఆయన రాజస్థాన్ ఎన్నడూ చూసినవారు కాదు. సొంత యుద్ధాన్ని చానల్ పట్టుకుపోయి, దాని స్థానంలో అద్దె యుద్ధం పెట్టింది.

అంతకంటే పాతదీ ఉంది వాళ్ళింట్లో. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మామగారి అమ్మగారు అప్పుడు కొత్తకోడలు. ఎడ్లబండెక్కి పల్లెకి పారిపోయారు. తెలుగునేల మీద శత్రువు స్వయంగా వచ్చి బాంబులేసి వెళ్ళిన యుద్ధం అది. ఆ ఇంటి కొడుకు ఇప్పుడు బిడదిలో తయారైన టొయోటా ఇన్నోవాలో తప్ప ఎక్కరు, నడుముకి హాయిగా ఉంటుందట. అదే యుద్ధంలో ఇక్కడ జాలహళ్ళి వైపు ఇటాలియన్ యుద్ధఖైదీల శిబిరాలుండేవి. ఇటలీ రొట్టె ఇప్పుడు అరగంటలో మా గుమ్మంలోకి వస్తోంది, ఏ బ్లాకు వాళ్ళూ తీర్మానం చెయ్యలేదు. విశాఖ మీద బాంబుల గురించి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఎవరూ సైరన్ వెయ్యలేదు మరి. 1972 జూలై 2న సిమ్లా ఒప్పందం జరిగిందనీ, ఆ 93 వేల మందినీ మనమే తిప్పి పంపామనీ కూడా ఏ చానలూ ఎపిసోడ్ చెయ్యదు. అందులో పేలేదేమీ లేదు.

మా సెల్లార్‌లో సాయంత్రాలు పిల్లలు యుద్ధం ఆడుకుంటారు. పార్కింగ్ స్తంభాలు కొండలు, స్కూటర్లు ట్యాంకులు. ఇండియా ఎవరన్నది రోజూ మారుతుంది. పాకిస్తాన్ మాత్రం ఎప్పుడూ మూడో అంతస్తు కుర్రాడే. రెండో తరగతి. ఎందుకని అడిగితే మా వాడే చెప్పాడు, "వాడి పేరు అలా ఉంటుంది కదా నాన్నా". ఎనిమిదేళ్ళ వెధవకి 1971 గురించి ఏం తెలుసు? ఎవరు నేర్పారు? నేను నేర్పలేదని నాలుగు రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ టీవీకి నెలనెలా డబ్బు కడుతున్నది నేనే.

ఆ మూడో అంతస్తు పిల్లాడి తాత హెచ్ఏఎల్ విమానాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ జెట్లని కూల్చిన నాట్ విమానాలు ఇక్కడే తయారయ్యాయి, ఆయన ఆ షెడ్డులో పనిచేసినవాడు. ఈ మాట సంఘం మీటింగులో చెప్తే అందరూ మెత్తబడ్డారు. ఛ, అలాగా, మనకి తెలీదే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తాత విమానాలకి కాకుండా శివాజీనగర్‌లో కుట్టుమిషన్‌కి నూనె పోసుకుని బతికి ఉంటే, ఆ పిల్లాడు పాకిస్తానేనా? రెండో తరగతి పిల్లాడు దొంగాటలో తన జట్టులో చేరడానికి తాత సర్వీసు రికార్డు చూపించాలా? మీ మనవళ్ళని ఎవరడిగారు, మీ తాతలు 1971లో ఏం చేశారని? మా తాత ఆ డిసెంబరంతా ఒంగోల్లో పేకాడాడు. నన్నెవరూ పాకిస్తాన్ అనలేదు.

నిన్న రాత్రి ప్రకటనలు వస్తుండగా మామగారి పక్కన కూర్చుని, బ్లాకౌట్ రాత్రుల్లో మీ ఇంట్లో ఏం చేసేవారండీ అని అడిగాను. ఆయన కాసేపు గోడకేసి చూశారు. "మాయమ్మ కిటికీకి గొంగళి కట్టేసేదండి. ఆ చీకట్లోనే అన్నం కలిపి మా చేతుల్లో ముద్దలు పెట్టేది. ఎవరి చెయ్యి ఎవరిదో తెలిసేది కాదు. ఒకసారేటయిందంటే, పక్కింటి..."

సైరన్ మోగింది. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు.

"ఉండండల్లుడుగారూ, కరాచీ వచ్చింది."